అమెరికా వలస కాలపు తొలి రచనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు అమెరికా హైస్కూల్లో చదువుతున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ పాఠాల గోల ఏటా వినిపిస్తుంది. మన యూనివర్సిటీల్లో ఎం.ఏ. ఇంగ్లీషు చేసేవాళ్ళకూ అమెరికన్ సాహిత్యం పేపరు ఉంటుంది. ఇద్దరూ మొదటి అధ్యాయం దగ్గరే నీరసపడిపోతారు. చర్చి ప్రసంగాలు, డైరీలు, ఓడ ప్రయాణాల వివరాలు, ఎవరో గవర్నరు రాసిపెట్టుకున్న సంగతులు తప్ప అందులో ఇంకేమీ లేవని వాళ్ళ బాధ. నాకు మాత్రం ఆ అధ్యాయమంటేనే ఎక్కువ ఇష్టం. దాని గురించి నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట రాశాను.

ఇది ఏ కాలం, ఏ ప్రాంతం?

ఇప్పటి అమెరికా తూర్పు తీరంలో ఇంగ్లీషువాళ్ళు వచ్చి స్థిరపడిన కాలం. 1607లో వర్జీనియాలో జేమ్స్‌టౌన్, 1620లో మసాచుసెట్స్ తీరాన ప్లిమత్, 1630లో బోస్టన్ వెలిశాయి. అక్కడి నుంచి 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకునేదాకా అనుకోండి. స్పానిష్ వాళ్ళు అంతకు చాలా ముందే వచ్చారు. మెక్సికో నగరంలో 1539 నాటికే అచ్చు యంత్రం ఉంది. ఆ కథ చాలా పెద్దది కాబట్టి ఇక్కడ ఇంగ్లీషు వలసలకే, అందులోనూ ఎక్కువగా న్యూ ఇంగ్లండ్‌కే, అంటే మసాచుసెట్స్, కనెక్టికట్ ఉన్న ఈశాన్య ప్రాంతానికే, పరిమితమవుతాను.

మనమూ వలస పాలన చూసినవాళ్ళమే కదా. మన సాహిత్యానికీ దీనికీ తేడా ఏమిటి?

చాలా పెద్ద తేడా ఉంది. ఇది పట్టుబడితే మిగతా అంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మన దగ్గర ఇంగ్లీషువాళ్ళు పాలించారు, పన్నులు వసూలు చేశారు, కానీ తమ జనాన్ని తెచ్చి మన ఊళ్ళలో నింపలేదు. వీరేశలింగం, గురజాడ రాసింది తెలుగులో, తెలుగువాళ్ళ కోసం. న్యూ ఇంగ్లండ్‌లో పరిస్థితి వేరు. వలస వచ్చినవాళ్ళే అక్కడ రచయితలు, వాళ్ళే పాఠకులు. 1616 నుంచి 1619 దాకా ఆ తీరంలో వచ్చిన అంటువ్యాధి వల్ల మూలవాసుల ఊళ్ళు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. ప్లిమత్ కట్టింది అలా ఖాళీ అయిన పటుక్సెట్ అనే ఊరి స్థలంలోనే. వచ్చినవాళ్ళు ఆ ఖాళీని దేవుడు తమ కోసం సిద్ధం చేసిన చోటుగా చూశారు. ఆ చూపుతోనే రాశారు.

అందుకే ఈ కాలపు ఏ పుస్తకం తెరిచినా నేను ముందు చూసుకునేవి రెండే: కలం ఎవరి చేతిలో ఉంది, ప్రెస్ ఎవరి చేతిలో ఉంది. ప్రెస్ దాకా చేరినవాళ్ళ పేర్లు మిగిలాయి. చేరలేనివాళ్ళ మాటలు కొన్ని వందల ఏళ్ళు పెట్టెల్లో ఉండిపోయాయి, కొన్ని పూర్తిగా పోయాయి.

కథలు, నవలలు, నాటకాలు ఎందుకు లేవు?

న్యూ ఇంగ్లండ్‌కు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ప్యూరిటన్లు. ఇంగ్లండ్ చర్చిలో ఆర్భాటం పెరిగిందనీ, బైబిల్ దారికి తిరిగి రావాలనీ పట్టుబట్టినవాళ్ళు. కల్పించి చెప్పే కథ మీద వాళ్ళకు నమ్మకం లేదు. నాటకమైతే పాపమే. మసాచుసెట్స్‌లో నాటకాల మీద 1750లో ఏకంగా చట్టమే చేశారు. మొదటి అమెరికన్ నవలగా చెప్పుకునేది అచ్చయింది 1789లో, అంటే దేశం ఏర్పడ్డాక. పైగా అడవి కొట్టి, ఇల్లు కట్టి, చలికాలానికి తిండి దాచుకోవాల్సిన జనానికి తీరిక ఎక్కడిది?

రాయడం మాత్రం ఆపలేదు. తమ జీవితంలో జరిగే ప్రతి చిన్న విషయంలోనూ దేవుడి సంకేతం ఉంటుందని వాళ్ళ నమ్మకం. పంట పండినా, ఓడ మునిగినా, బిడ్డ చచ్చిపోయినా దానికొక అర్థం ఉండాలి. ఆ అర్థం వెతుక్కోవడానికే డైరీలు రాశారు.

మరి డైరీలు, ప్రసంగాలు సాహిత్యమెలా అవుతాయి?

ఒక ఉదాహరణ చెబుతాను. విలియం బ్రాడ్‌ఫర్డ్ ప్లిమత్‌కు చాలా ఏళ్ళు గవర్నరు. 1630లో మొదలుపెట్టి ఇరవయ్యేళ్ళ పాటు ఆ వలస చరిత్ర రాశాడు. అక్కడ స్థిరపడటానికి మేఫ్లవర్ ఓడలో 102 మంది బయలుదేరారు. మొదటి చలికాలంలోనే సగం మంది పోయారు. ఆ రోజులు ఎలా గడిచాయో చెబుతూ ఆయన పెద్ద మాటలేవీ వాడడు. ఒక దశలో ఆరోగ్యంగా ఉన్నది ఆరేడుగురే అంటాడు. వాళ్ళు రాత్రనక పగలనక కట్టెలు తెచ్చారు, మంట వేశారు, వంట చేశారు, పక్కలు సర్దారు, రోగుల మురికి బట్టలు ఉతికారు. ఇలా ఒక్కో పనీ వరసగా చెప్పుకుంటూ పోతాడు. కూర్చుని ఏడ్చే వ్యవధి కూడా వాళ్ళకు లేదని ఆ వరసే మనకు చెబుతుంది.

ఆయన భార్య డొరొతీ 1620 డిసెంబరులో, ఓడ ఇంకా రేవులో లంగరు వేసి ఉండగానే, నీళ్ళలో పడి చనిపోయింది. కథనంలో ఆ ప్రస్తావనే లేదు. ఎవరెవరు ఏమయ్యారో చెప్పే చివరి జాబితాలో మాత్రం, వచ్చిన కొద్దికాలానికే ఆమె చనిపోయిందని ఒక్క ముక్క ఉంది.

అదే బ్రాడ్‌ఫర్డ్ 1637లో మిస్టిక్ నది దగ్గర పీకాట్ అనే మూలవాసుల తెగ కోటను ఇంగ్లీషువాళ్ళు తగలబెట్టడం గురించి కూడా రాశాడు. సుమారు 400 మంది చచ్చిపోయారని ఆయన లెక్క. వాళ్ళు మంటల్లో మాడిపోవడం చూడటానికి భయంకరంగా ఉందంటూనే, ఆ విజయాన్ని దేవుడికి ఇచ్చిన తీయని బలిగా చెబుతాడు. రోగుల బట్టలు ఉతికినవాళ్ళ గురించి అంత ఆర్ద్రంగా రాసిన చెయ్యే ఇదీ రాసింది. ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి చదివి రెండోది వదిలేస్తే ఆ మనిషీ అర్థం కాడు, ఆ సమాజమూ అర్థం కాదు.

ఆ రాతప్రతి పోయి మళ్ళీ దొరికిందంటారు, నిజమేనా?

నిజమే. బ్రాడ్‌ఫర్డ్ దాన్ని అచ్చు వేయించలేదు. చేతిరాత ప్రతి బోస్టన్‌లో ఒక చర్చి గ్రంథాలయంలో ఉండేది. స్వాతంత్ర్య యుద్ధ కాలంలో మాయమైంది. 1855లో లండన్ బిషప్ ఉండే ఫుల్‌హమ్ భవనంలో ఉందని తెలిసింది. మరుసటి ఏడు పూర్తి పాఠం అచ్చయింది, 1897లో అసలు ప్రతిని మసాచుసెట్స్‌కు తిరిగి ఇచ్చారు. దాని మొదటి పేజీల్లో బ్రాడ్‌ఫర్డ్ వయసు మళ్ళాక హీబ్రూ నేర్చుకుంటూ రాసుకున్న పదాల అభ్యాసం ఉంది. దేవుడి మాటలను ఆ పాత భాషలోనే చూడాలని ఆయన కోరిక.

‘కొండ మీద పట్టణం’ అని అమెరికా అధ్యక్షులు చెప్పే మాట ఎక్కడిది?

మూలం బైబిల్లో మత్తయి సువార్త. 1630లో ఆర్బెల్లా ఓడలో మసాచుసెట్స్ వలసకు గవర్నరుగా వచ్చిన జాన్ విన్‌త్రాప్ దాన్ని తన ప్రసంగంలో వాడాడు. కెనెడీ, రీగన్ లాంటివాళ్ళు గర్వంగా ఎత్తుకున్నారు గానీ, విన్‌త్రాప్ చెప్పింది హెచ్చరిక. అందరి కళ్ళూ మన మీదే ఉన్నాయి, మనం మాట తప్పితే లోకమంతా మన గురించి చెప్పుకుని నవ్వుతుంది అన్నాడు. ఆ ప్రసంగం అచ్చయింది కూడా 1838లోనే. అంతకు ముందు దాని గురించి తెలిసినవాళ్ళు బహు కొద్దిమంది.

మొదటి ప్రెస్ ఎప్పుడు వచ్చింది? ఏం అచ్చు వేశారు?

1638లో జోస్ గ్లోవర్ అనే పాదరీ ప్రెస్సు, కాగితం, పనివాళ్ళతో సహా ఇంగ్లండ్ నుంచి బయలుదేరి దారిలోనే చనిపోయాడు. ఆయన భార్య ఎలిజబెత్ ఆ సామానుతో వచ్చి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో దిగింది. అంటే ఆ గడ్డ మీద మొదటి ప్రెస్సుకు యజమాని ఒక వితంతువు. తర్వాత ఆమె హార్వర్డ్ మొదటి అధ్యక్షుడు హెన్రీ డన్‌స్టర్‌ను పెళ్ళి చేసుకోవడంతో అది ఆయన చేతికి వెళ్ళింది. ప్రెస్ నడిపిన స్టీఫెన్ డే అసలు వృత్తి తాళాలు చేయడం.

మొదట ఒక ప్రమాణ పత్రం, ఆపైన ఒక పంచాంగం అచ్చయ్యాయి. 1640లో కీర్తనల పుస్తకం వచ్చింది. 1,700 ప్రతులు వేస్తే ఇప్పుడు మిగిలినవి 11. అందులో ఒకటి 2013లో వేలంలో 1 కోటి 41 లక్షల డాలర్లకు పైగా పలికింది. అక్షర దోషాలు, సరిగా కుదరని పాదాలు అందులో బోలెడు. పాడుకోవడానికి వీలుగా ఉంటే చాలనీ, మూలానికి కట్టుబడాలనీ అనువాదకుల పట్టుదల. కవిత్వంగా దాన్ని ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు.

మూలవాసుల భాషలో కూడా పుస్తకాలు వచ్చాయా?

వచ్చాయి. ఉత్తర అమెరికాలో అచ్చయిన మొదటి బైబిల్ ఇంగ్లీషులో లేదు. 1663లో జాన్ ఇలియట్ పేరుతో పూర్తిగా వెలువడిన ఆ బైబిల్ అక్కడి వాంపనోగ్ జనం మాట్లాడే భాషలో ఉంది. పేరు ఇలియట్‌ది. భాష నేర్పినవాళ్ళు, అనువదించడంలో సాయం చేసినవాళ్ళు, అక్షరాలు కూర్చినవాళ్ళు మూలవాసులు.

వాళ్ళలో ఒకరి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నిప్మక్ తెగకు చెందిన వోవాస్ అనే అబ్బాయి కేంబ్రిడ్జ్ ప్రెస్సులో పని నేర్చుకున్నాడు. ఆ పనే ఇంటిపేరై జేమ్స్ ప్రింటర్ అయ్యాడు. 1675లో మూలవాసులకూ వలసవాళ్ళకూ యుద్ధం మొదలయ్యాక అతను ప్రెస్ వదిలి తన జనంతో ఉన్నాడు. యుద్ధం ముగిశాక మళ్ళీ ప్రెస్సుకు తిరిగొచ్చాడు. బైబిల్ రెండో కూర్పు పని జరుగుతున్నప్పుడు ఇలియట్ లండన్‌కు రాసిన ఉత్తరంలో, అక్షరాలు కూర్చి అర్థం తెలిసి తప్పులు దిద్దగలిగిన మనిషి తమకు ఇతనొక్కడే అని ఒప్పుకున్నాడు.

మతం మార్చడానికి వేసిన పుస్తకం అది. దాన్ని పట్టుకుని చదువు నేర్చుకున్న వాంపనోగ్ జనం తమ భాషలో భూమి పత్రాలు, వీలునామాలు, ఉత్తరాలు రాసుకున్నారు, బైబిల్ అంచుల్లో సొంత మాటలు కూడా రాసుకున్నారు. 19వ శతాబ్దంలో ఆ భాష మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారు. 1993లో జెస్సీ లిటిల్ డో బెయిర్డ్ ఆ భాషను తిరిగి నిలబెట్టే పని మొదలుపెట్టినప్పుడు ఆధారమైనవి ఆ బైబిలూ ఆ కాగితాలే. ఇప్పుడు పిల్లలు మళ్ళీ ఆ భాష నేర్చుకుంటున్నారు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించే విషయం ఇదే.

మేరీ రోలాండ్‌సన్ పుస్తకం అంత ప్రసిద్ధి ఎందుకు పొందింది?

ఎందుకంటే అది చదవడం మొదలుపెడితే కింద పెట్టలేం. పైన చెప్పిన యుద్ధంలోనే, 1676 ఫిబ్రవరిలో లాంకాస్టర్ అనే ఊరి మీద మూలవాసులు దాడి చేసి, పాదరీ భార్య అయిన ఆమెను పిల్లలతో సహా బందీగా తీసుకెళ్ళారు. ఆరేళ్ళ కూతురు గాయంతో తల్లి ఒడిలోనే కొన్ని రోజులకు పోయింది. పదకొండు వారాలు ఆ జనంతో మంచులో, అడవుల్లో నడిచి, చివరికి 20 పౌన్ల సొమ్ము కట్టాక ఆమె విడుదలైంది. ఆ కథ 1682లో అచ్చయింది. అట్లాంటిక్‌కు రెండు వైపులా జనం ఎగబడి చదివారు.

ఆమె తనను పట్టుకెళ్ళినవాళ్ళను అనాగరికులనీ నరకపు కుక్కలనీ తిడుతుంది. ప్రతి కష్టానికీ ఒక బైబిల్ వాక్యం అడ్డు పెట్టుకుంటుంది. కానీ ఆకలి గురించి రాసేటప్పుడు ఆ తిట్లూ వాక్యాలూ పక్కకు తప్పుకుంటాయి. మొదటి వారం ఏమీ తినలేకపోయింది. మూడో వారానికి, అంతకు ముందు చూస్తేనే వాంతి వచ్చే తిండి రుచిగా అనిపించిందని రాస్తుంది. ఆమెకు కుట్టుపని వచ్చు. యుద్ధం నడుపుతున్న నాయకుడు మెటాకమ్‌ను ఇంగ్లీషువాళ్ళు ఫిలిప్ రాజు అనేవాళ్ళు. అతను తన కొడుక్కి చొక్కా కుట్టమని అడిగాడు. కుట్టి ఇస్తే ఒక షిల్లింగు ఇచ్చాడు. ఆ డబ్బు తనను బందీగా ఉంచుకున్న యజమానికి ఇవ్వబోతే అతను నువ్వే ఉంచుకో అన్నాడు, దాంతో గుర్రం మాంసం కొనుక్కుంది. తర్వాత అదే అబ్బాయికి టోపీ కుట్టింది. ఈసారి ఫిలిప్ ఆమెను భోజనానికి పిలిచి, దంచిన గోధుమతో చేసి ఎలుగుబంటి కొవ్వులో వేయించిన రొట్టె పెట్టాడు. రెండు వేళ్ళంత ఉంటుంది. జన్మలో ఇంత రుచైనది తినలేదనుకున్నానని రాసింది.

ఆ పేజీలో శత్రువు ఇంటికి పిలిచి అన్నం పెట్టే మనిషి అవుతాడు. ఆమె అలా చెప్పాలనుకోలేదు. ఆకలి ఆమె చేత చెప్పించింది. మనం ఎన్ని సిద్ధాంతాలు చదివినా ఈ రొట్టె చెప్పినంత చెప్పవని నా నమ్మకం.

ఇంకో సంగతి. ఆమె విడుదల కోసం మూలవాసుల తరఫున ఉత్తరాలు రాసినవాళ్ళలో జేమ్స్ ప్రింటర్ ఉన్నాడు. ఆరేళ్ళకు ఆమె పుస్తకం కేంబ్రిడ్జ్‌లో అచ్చవుతుంటే అక్షరాలు కూర్చిందీ అతనే. తన జనాన్ని తిట్టిన ఆ మాటలను ఒక్కో అక్షరమే ఏరి పేర్చాడు. ఆ యుద్ధంలో, క్రైస్తవులైన మూలవాసులను కూడా వలసవాళ్ళు బోస్టన్ రేవులోని డీర్ దీవికి తోలారు. అక్కడ చలికీ ఆకలికీ చాలామంది చచ్చిపోయారు. వాళ్ళ ఆకలి గురించి రోలాండ్‌సన్ పుస్తకం లాంటిది ఎవరూ అచ్చు వేయలేదు.

ఆన్ బ్రాడ్‌స్ట్రీట్‌ను మొదటి కవయిత్రి అంటారు. నిజంగా అంత మంచి కవిత్వమా?

రెండు రకాలుగా ఉంటుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు 1630లో ఆర్బెల్లా ఓడలోనే వచ్చింది. ఎనిమిది మంది పిల్లల్ని కని పెంచింది. నాలుగు ఋతువులు, నాలుగు రాజ్యాలు అంటూ రాసిన పొడవాటి పద్యాలు చదువుకున్న మనిషి చేసిన కసరత్తు. వాటిని చెల్లెలి భర్త జాన్ వుడ్‌బ్రిడ్జ్ లండన్ తీసుకెళ్ళి 1650లో అచ్చు వేయించాడు. ఆడదాని చేతికి కలం కంటే సూదే నయమనేవాళ్ళకు అందులోనే ఆమె గట్టిగా జవాబు చెప్పింది.

అసలు బ్రాడ్‌స్ట్రీట్ ఆ తర్వాత రాసిన పద్యాల్లో ఉంది. అచ్చయిన తన పుస్తకాన్ని చూసి ఒక పద్యం రాసింది. పుస్తకాన్ని చింపిరి బట్టల బిడ్డగా ఊహించుకుంటుంది. మొహం కడిగితే ఇంకో మచ్చ బయటపడుతుంది, కాళ్ళు సాగదీస్తే ఇంకా కుంటుతుంది, ఒంటికి మంచి బట్ట కడదామంటే ఇంట్లో ఉన్నది ముతక గుడ్డే. 1666 జులైలో ఇల్లు కాలిపోయింది. 800కు పైగా పుస్తకాలు పోయాయని ఆ కుటుంబం లెక్క. ఆ పద్యంలో ఆమె బూడిద పక్కగా నడుస్తూ ఇక్కడ పెట్టె ఉండేది, ఇక్కడ కూర్చునేదాన్ని, ఇక బల్ల దగ్గర చుట్టాలు తినరు అని ఒక్కొక్కటే తలుచుకుంటుంది. తర్వాత తనను తాను మందలించుకుని పరలోకంలో ఉన్న ఇంటి మాట ఎత్తుతుంది. ఆ మందలింపు ఆమె మనసును పూర్తిగా ఒప్పించలేదని చదివేవాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. ఆ ఒప్పుకోని మనసు కోసమే ఈ పద్యాలు చదవాలి.

మామూలు జనం ఏం చదివేవాళ్ళు?

బైబిల్, పంచాంగం, కీర్తనలు. 1662లో మైఖేల్ విగిల్స్‌వర్త్ కడపటి తీర్పు రోజు గురించి రాసిన పొడవాటి పద్యం 1,800 ప్రతులు ఏడాదిలో అమ్ముడయ్యాయి. పిల్లల చేత కంఠతా పట్టించేవాళ్ళు. 1690 ప్రాంతంలో వచ్చిన న్యూ ఇంగ్లండ్ ప్రైమర్ ఆ పిల్లలకు మన పెద్దబాలశిక్ష లాంటిది. అక్షరాలతో పాటే ఆదాము పాపం, చావు, ప్రార్థన నేర్పేది.

మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలని జనాన్ని ఉరితీసిన సంగతి ఈ రచనల్లో ఉందా?

ఉంది. 1692లో 19 మందిని ఉరితీశారు. ఒక వృద్ధుణ్ణి బండరాళ్ళ కింద నొక్కి చంపారు. పాదరీ కాటన్ మాథర్ మరుసటి ఏడే ఆ విచారణలను సమర్థిస్తూ పుస్తకం తెచ్చాడు. నాకు గౌరవం ఉన్నది న్యాయమూర్తుల్లో ఒకడైన శామ్యూల్ స్యూవల్ మీద. 1697లో చర్చిలో అందరి ముందు లేచి నిలబడ్డాడు. తప్పు తనదేనని ఒప్పుకున్న కాగితాన్ని పాదరీ చదివి వినిపించాడు. 1700లో బానిసత్వం తప్పంటూ స్యూవలే ఒక చిన్న పుస్తకం వేశాడు. న్యూ ఇంగ్లండ్‌లో అలాంటిది అచ్చవడం అదే మొదలు.

వర్జీనియా వైపు రచనలు ఎందుకు తక్కువ?

అక్కడ పొగాకు తోటలు దూరదూరంగా ఉండేవి, ఊళ్ళు తక్కువ. గవర్నరు విలియం బర్క్లీ 1671లో, ఇక్కడ ఉచిత బడులు, ప్రెస్ లేనందుకు దేవుడికి కృతజ్ఞతలు అని లండన్‌కు రాశాడు. చదువు వస్తే జనం ఎదురు తిరుగుతారని ఆయన భయం. అక్కడ ప్రెస్ నిలదొక్కుకున్నది 1730లో.

పోకహాంటస్ జాన్ స్మిత్‌ను కాపాడిన కథ నిజమేనా?

జేమ్స్‌టౌన్ నాయకుల్లో ఒకడైన స్మిత్‌ను మూలవాసులు చంపబోతుంటే వాళ్ళ నాయకుడి కూతురు పోకహాంటస్ అడ్డుపడి కాపాడిందని కథ. స్మిత్ 1608లో అచ్చయిన తన మొదటి పుస్తకంలో ఆ సంగతే చెప్పలేదు. 1624 పుస్తకంలో చెప్పాడు. అప్పటికి ఆమె పోయి ఏడేళ్ళయింది, అవుననడానికీ కాదనడానికీ లేదు. అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగకు మొదలని చెప్పుకునే ప్లిమత్ విందుకు ఆధారం దానికంటే గట్టిది. 1621 పంట తర్వాత మూలవాసుల నాయకుడు మససోయిట్ తొంభై మందితో వచ్చి మూడు రోజులు ఉన్నాడనీ, వాళ్ళు ఐదు జింకలు తెచ్చారనీ ఎడ్వర్డ్ విన్‌స్లో ఉత్తరంలో ఉంది. అంతా కలిపి ఒక్క పేరా.

బానిసలు, మూలవాసులు స్వయంగా రాసినవి ఏమున్నాయి?

ఇద్దరి గురించి వివరంగా చెబుతాను.

శాంసన్ ఆకమ్ కనెక్టికట్‌లోని మోహిగన్ తెగవాడు, 1723లో పుట్టాడు. క్రైస్తవ బోధకుడయ్యాడు. మూలవాసుల పిల్లలకు బడి పెడతామని గురువు ఎలియాజర్ వీలక్ చెబితే, ఇంగ్లండ్ వెళ్ళి రెండేళ్ళకు పైగా ఊరూరా ప్రసంగించి సుమారు 12,000 పౌన్లు పోగు చేశాడు. ఆ డబ్బుతో వెలిసింది డార్ట్‌మత్ కాలేజీ. అది ఎక్కువగా తెల్లవాళ్ళ పిల్లలకే ఉపయోగపడింది. వీలక్ చూసుకుంటానన్న ఆకమ్ కుటుంబం, అతను తిరిగొచ్చేసరికి పేదరికంలో ఉంది. 1768లో ఆకమ్ తన జీవితాన్ని కొద్ది పేజీల్లో రాసుకున్నాడు. తెల్ల బోధకులకు ఇచ్చే జీతంలో తనకు ఇచ్చింది ఎంత తక్కువో చెబుతాడు. బతకడానికి చేపలు పట్టాడు, చెక్క గరిటెలు చేశాడు, పాత పుస్తకాలకు బైండు కట్టాడు. తాను ఇండియన్‌ని (మూలవాసులను అప్పుడు అలాగే అనేవాళ్ళు) కాబట్టే ఇలా చూశారని చివర్న నేరుగా అంటాడు. 1772లో ఒక మరణశిక్ష సందర్భంగా ఆయన చేసిన ప్రసంగం పదే పదే అచ్చయింది. ఈ ఆత్మకథ మాత్రం 1982 దాకా అచ్చుకు నోచుకోలేదు. 2022లో డార్ట్‌మత్ ఆయన కాగితాలను మోహిగన్ తెగకు తిరిగి అప్పగించింది.

ఫిలిస్ వీట్లీని 1761లో ఆఫ్రికా నుంచి తెచ్చి బోస్టన్‌లో అమ్మారు. పాలపళ్ళు ఊడుతున్న వయసు, ఏడేళ్ళుంటాయని అంచనా. ఫిలిస్ అనేది ఆమెను తెచ్చిన ఓడ పేరు, వీట్లీ కొన్నవాళ్ళ ఇంటిపేరు. ఇంగ్లీషుతో పాటు లాటిన్ కూడా నేర్చుకుంది. బోస్టన్‌లో పుస్తకానికి చందాదారులు దొరకలేదు. 1773లో లండన్‌లో అచ్చయింది. అందులో గవర్నరుతో సహా 18 మంది బోస్టన్ పెద్దలు, ఈ పద్యాలు ఈమె రాసినవే అని ధ్రువీకరిస్తూ చేసిన సంతకాలున్నాయి. ఆ కాలంలో తెల్ల కవి ఎవరికీ ఈ అవసరం రాలేదు.

ఆఫ్రికా నుంచి తేవడాన్ని దేవుడి దయగా చెప్పే ఎనిమిది పాదాల పద్యం ఒకటుంది. పాఠ్యపుస్తకాల్లో అదొక్కటే పెడతారు, పిల్లలకు కోపం వస్తుంది. ఆ కోపం సహజమే. దాని పక్కన, విముక్తి పొందాక 1774 ఫిబ్రవరిలో ఆమె శాంసన్ ఆకమ్‌కు రాసిన ఉత్తరం పెట్టి చదవండి. ప్రతి గుండెలోనూ దేవుడు స్వేచ్ఛ మీద ప్రేమ నాటాడనీ, అది అణచివేతను సహించదనీ అంటుంది. స్వేచ్ఛ కోసం కేకలు వేస్తూ ఇతరుల మీద పెత్తనం చేసేవాళ్ళ గురించి సూటిగా రాస్తుంది. ఆ ఉత్తరం అప్పటి పత్రికల్లో అచ్చయింది. రెండో పుస్తకానికి ఆమె సిద్ధం చేసుకున్న పద్యాలు అచ్చు కాలేదు. 1784లో ముప్పై దాటగానే పేదరికంలో చనిపోయింది. ఆ రాతప్రతి ఇప్పటికీ దొరకలేదు.

ఈ సాహిత్యానికీ మనకూ ఏదైనా సంబంధం ఉందా?

ఉంది, మద్రాసు మీదుగా. బోస్టన్‌లో పుట్టిన ఎలైహూ యేల్ 1687 నుంచి 1692 దాకా మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జ్ అధిపతి. ఆ కోట వర్తకంలో కాశీ వీరన్న లాంటి తెలుగు వర్తకులదే పెద్ద చెయ్యి. ఆ ఏళ్ళలో ఆ రేవు నుంచి బానిసలను కూడా ఓడలెక్కించారు. ఈస్టిండియా కంపెనీ వర్తకంలో అతను కూడబెట్టిన ఆస్తి మీద కాటన్ మాథర్ కన్నుపడి, కనెక్టికట్‌లోని చిన్న కాలేజీకి సాయం చేయమని 1718లో ఉత్తరం రాశాడు. యేల్ తొమ్మిది బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి చిత్రపటం పంపాడు. సరుకు అమ్మితే 560 పౌన్లకు పైగా వచ్చాయి, కాలేజీకి అతని పేరు పెట్టారు. వలస కాలపు గొప్ప కవుల్లో ఒకడైన ఎడ్వర్డ్ టేలర్ పద్యాలు, అచ్చు మొహం చూడకుండా రెండు వందల ఏళ్ళకు పైగా ఉండి, 1937లో బయటపడింది ఆ యేల్ గ్రంథాలయంలోనే.

మాథర్ తమిళనాడు తీరాన తరంగంబాడిలోని జర్మన్ మిషనరీలకు కూడా ఉత్తరాలు రాసి, ఆ రాతకోతలను 1721లో బోస్టన్‌లో పుస్తకంగా వేశాడు. అదే మిషన్‌లో పనిచేసి తర్వాత మద్రాసు చేరిన బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు నేర్చుకుని, 1746లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకం అచ్చు వేయించాడు.

ఎక్కడ మొదలుపెట్టాలి? భాష కష్టంగా ఉంటుందా?

పాత స్పెల్లింగుతో ఉన్న ప్రతి తీసుకుంటే టెన్షన్ తప్పదు. స్పెల్లింగు సరిచేసిన ప్రతులు ఉన్నాయి, అవి తీసుకోండి. రోలాండ్‌సన్, వీట్లీ, బ్రాడ్‌ఫర్డ్ ముగ్గురూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతారు.

ముందు రోలాండ్‌సన్ చదవండి, ఒక సాయంత్రంలో అయిపోతుంది. తర్వాత బ్రాడ్‌స్ట్రీట్ ఇల్లు కాలిన పద్యం, ఆపైన ఆకమ్ ఆత్మకథ, దాని వెంటనే వీట్లీ అతనికి రాసిన ఉత్తరం. ప్రసంగాలు ఆఖర్న పెట్టుకోండి. బ్రాడ్‌ఫర్డ్ చరిత్ర మొత్తం చదివే ఓపిక లేకపోతే ఓడ ప్రయాణం నుంచి మొదటి చలికాలం దాకా చాలు. 1637 సంవత్సరం గురించిన అధ్యాయం మాత్రం వదిలేయకండి.